వసంతంలో దక్షిణ ఫ్రాన్స్: అవిన్యోన్‌లో మకాం వేసి ఐదు రాత్రుల ట్రిప్ ప్లాన్ చేసుకోవడం ఎలా?

సంక్రాంతి దాటిందంటే చాలు, తెలిసినవాళ్ల దగ్గర నుంచి ఇదే ప్రశ్న: "ఏప్రిల్‌లో దక్షిణ ఫ్రాన్స్ వెళ్దామనుకుంటున్నాం, ప్లాన్ ఒకసారి చూసి చెప్తారా?" పంపిన ప్లాన్ తెరిచి చూస్తే ఐదు రోజుల్లో నీస్, కాన్, మొనాకో, మార్సేయ్, అవిన్యోన్, చివర్లో లావెండర్ తోటలు. రోజుకో హోటల్. పొద్దున లేస్తే సూట్‌కేసు సర్దుడు, సాయంత్రమైతే విప్పుడు.

చాలామంది చూడాల్సిన ఊళ్ల జాబితాతో మొదలుపెడతారు. తిప్పలన్నీ అక్కడి నుంచే. ముందు తేదీలు, తర్వాత మకాం, ఆపైన వీసా, రైళ్లు. ఏ రోజు ఏ ఊరన్నది అన్నిటికన్నా చివర. ఈ వరుస పాటిస్తే మిగతావి వాటంతటవే కుదురుతాయి.

## 1. ముందు క్యాలెండర్ తెరవండి

ఏప్రిల్ మధ్య నుంచి మే నెలాఖరు వరకు మంచి కాలం. అవిన్యోన్‌లో ఏప్రిల్ పగళ్లు సుమారు 18–20 డిగ్రీలు, రాత్రిళ్లు ఏడెనిమిది. మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఏప్రిల్ చివర్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది. అప్పటి నుంచి మనకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలే.

చిక్కంతా సెలవులతో. వసంతంలో ఫ్రాన్స్‌లో సెలవులు గుత్తులు గుత్తులుగా వస్తాయి. 2027లో ఇవీ:

- ఈస్టర్: మార్చి 28 ఆదివారం, 29 సోమవారం
- మే 1 శనివారం: కార్మిక దినం
- మే 6 గురువారం: అసెన్షన్ (యేసు స్వర్గారోహణ పండుగ)
- మే 8 శనివారం: రెండో ప్రపంచ యుద్ధ విజయ దినం
- మే 17 సోమవారం: పెంతెకోస్తు ఆదివారం మర్నాటి సెలవు

అసెన్షన్ ఎప్పుడూ గురువారమే. శుక్రవారం కూడా సెలవు పెట్టేసి నాలుగు రోజులు కలుపుకునే అలవాటు వాళ్లకుంది. దాన్ని "వంతెన వేయడం" అంటారు. ఆ నాలుగు రోజులూ రైలు టికెట్లు, గదులు మండిపోతాయి.

మే 1న మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. ఏడాదిలో మిగతా సెలవుల్లో తెరిచి ఉండేవి కూడా చాలావరకు ఆ రోజు మూసేస్తారు. చాలా ఊళ్లలో సిటీ బస్సులు కూడా తిరగవు.

ఈస్టర్ వారాంతంలో అవిన్యోన్ దగ్గరి ఆర్ల్ ఊళ్లో ఫేరియా అనే ఉత్సవం జరుగుతుంది. ఎద్దుల పోరాటాలతో, వీధి సంబరాలతో ఊరు కిక్కిరిసిపోతుంది. పెంతెకోస్తుకు మరో దగ్గరి ఊరు నీమ్‌లో ఇలాంటిదే ఉంటుంది. దాని కోసమే వెళ్తే సరే, లేకపోతే ఆ తేదీలు వదిలేయండి.

ఇక లావెండర్. ఏప్రిల్, మే నెలల్లో పువ్వు ఉండదు. జూన్ రెండో సగం నుంచి జులై వరకు దాని కాలం. ఏప్రిల్‌లో వెళ్లి లావెండర్ పొలం చూస్తే వరుసగా నాటిన బూడిదరంగు పొదలు కనిపిస్తాయి, అంతే. వసంతంలో ఆ నేల ఇచ్చేవి వేరు: గోడల మీద వేలాడే ఊదారంగు విస్టీరియా, మే నెలలో చేల గట్ల మీద ఎర్రటి పాపీలు, సంతల్లో కార్పాంత్రాస్ స్ట్రాబెర్రీలు.

ఈ గైడ్‌కు ఉదాహరణగా 2027 ఏప్రిల్ 15 గురువారం చేరి, 20 మంగళవారం బయల్దేరే ట్రిప్ తీసుకుంటున్నాను. గురువారం నుంచి మంగళవారం వరకే ఎందుకన్నది ఆరో భాగంలో తెలుస్తుంది.

## 2. మకాం ఒక్కచోటే

ఐదు రాత్రులకు రెండు ఊళ్లు మారితే సగం రోజు గాలికి పోయినట్టే. గది ఖాళీ చేయడం, సామాను ఎక్కడో దాచడం, రైలు, మళ్లీ గది దొరికే వేళ కోసం కాపు కాయడం.

సముద్రం, ఎండ, విమానాశ్రయం నుంచి నేరుగా ట్రామ్ కావాలంటే నీస్. మే మధ్యలో పక్కనే కాన్ చలనచిత్రోత్సవం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ధరలకు ఠారెత్తిపోతారు. పెద్ద రేవు పట్టణపు హడావుడి ఇష్టమైతే మార్సేయ్. ఎత్తుపల్లాలు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. సాన్-షార్ల్ స్టేషన్ నుంచి ఊళ్లోకి దిగే మెట్లే 104.

నా ఓటు అవిన్యోన్‌కి. కోటగోడ చుట్టుకొలత నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, లోపల ఎక్కడికైనా నడిచి వెళ్లొచ్చు. ఆర్ల్ 20 నిమిషాలు, నీమ్ అరగంట చిల్లర, లిల్-సుర్-లా-సోర్గ్ అరగంట, అన్నీ రైల్లోనే. కారు అక్కర్లేదు. కారు తీసుకుంటే కోటలోపల పార్కింగ్ కోసం ప్రదక్షిణలు చేయాలి.

గది బుక్ చేసే ముందు చూసుకోవాల్సినవి:

- కోటగోడ లోపలేనా? చిరునామాలో "ఆంత్రా-మ్యూరోస్" అని ఉంటే లోపలే.
- అవిన్యోన్ సాంత్ర్ స్టేషన్‌కు పది పన్నెండు నిమిషాల నడకలో ఉందా?
- లిఫ్ట్ ఉందా? పాత భవనాల్లో తరచూ ఉండదు. అమ్మానాన్నలతో వెళ్తుంటే ముందే మెయిల్ పెట్టి అడగండి.
- వీసా రాకపోతే డబ్బు కోల్పోకుండా రద్దు చేసుకునే వీలుందా?
- గదిలో కెటిల్ ఉందా? పొద్దున్నే టీ పడకపోతే నడవలేని జాతి మనది.

బస పన్ను హోటల్లో విడిగా కట్టమంటారు, కంగారుపడకండి. అద్దెలో కలవని చిన్న మొత్తం అది.

## 3. వీసా: జనవరిలోనే కదలండి

మామూలుగా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఒకే వీసా, తప్పదు. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు కూడా. గ్రీన్ కార్డు ఉంది కదా అని టికెట్లు కొనేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లను చూశాను.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. కానీ మన ఎండాకాలం సెలవుల రద్దీ మొదలైతే అపాయింట్‌మెంట్లు దొరకవు. ఏప్రిల్ ప్రయాణానికి జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో పని అయిపోవాలి.

వరుస ఇలా పెట్టుకోండి:

1. ఫ్రాన్స్-వీసాస్ సైట్‌లో ఫారం నింపి ప్రింట్ తీయండి.
2. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి.
3. రద్దు చేసుకోగలిగే గది, విమానం రిజర్వేషన్ చేయండి.
4. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ప్రయాణ బీమా కొనండి. తేదీలు అటూ ఇటూ ఒక రోజు ఎక్కువ వేయించండి.
5. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు సెలవు లెటర్, రోజువారీ ప్లాన్ జత చేయండి.

పెద్దవాళ్లకు వీసా ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. కేంద్రం సర్వీస్ చార్జీ అదనం. పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు కాగితాల మధ్య పొంతన లేకపోవడం. సెలవు లెటర్‌లో ఒక తేదీ, బీమాలో మరో తేదీ, గది బుకింగ్‌లో ఒక రాత్రి ఖాళీ. అన్నీ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, ఇంకొకరితో తేదీలు చదివించండి. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. మొదటిసారే రెండు తప్పులు పట్టేసింది.

## 4. చేరడం: ఏ స్టేషన్‌లో దిగుతున్నారో చూసుకోండి

హైదరాబాద్ నుంచి ఫ్రాన్స్‌కు నేరు విమానం లేదు. మూడు దారులున్నాయి.

ఒకటి, పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో దిగి అక్కడి నుంచే టీజీవీ, అంటే హైస్పీడ్ రైలు. స్టేషన్ రెండో టెర్మినల్‌లోనే ఉంది, అవిన్యోన్‌కు సుమారు మూడున్నర గంటలు. పారిస్ ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. రెండు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా మార్సేయ్. మూడు, దుబాయ్ మీదుగా నీస్. నీస్ నుంచి అవిన్యోన్‌కు రైల్లో మూడు గంటల పైనే పడుతుంది కాబట్టి టికెట్ బాగా చవకైతే తప్ప నేను మూడోది చెప్పను.

పారిస్ దారిలో విమానం దిగే వేళకూ రైలుకూ మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. సరిహద్దు దగ్గర ఫోటో తీసి వివరాలు నమోదు చేసుకునే కొత్త పద్ధతి వచ్చాక క్యూ నెమ్మదిగా కదులుతోంది. విమానం ఆలస్యమైందని, విడిగా కొన్న రైలు టికెట్‌కు ఎవరూ పూచీ పడరు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది. గంట కనెక్షన్ పెట్టుకుని పరుగు పందెం చేయకండి.

టీజీవీ టికెట్ వెల విమానం టికెట్‌లాగే రోజురోజుకూ మారుతుంది. వీసా చేతికి రాగానే కొనండి. విగో పేరుతో నడిచే చవక రైలుకు సామాను షరతులు వేరు, పెద్ద పెట్టెకు అదనంగా కట్టాలి. బయల్దేరడానికి రెండు నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు. మన సికింద్రాబాద్‌లోలాగా కదిలే రైలెక్కడం కుదరదు.

ఇప్పుడు అసలు తిరకాసు. అవిన్యోన్‌కు రెండు స్టేషన్లు. అవిన్యోన్ టీజీవీ ఊరి బయట ఉంది. అవిన్యోన్ సాంత్ర్ కోటగోడకు ఎదురుగా. రెంటి మధ్యా లోకల్ రైలు ఐదారు నిమిషాల్లో తిరుగుతుంది. మొదటిసారి నేను పారిస్ రైలుకు సాంత్ర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి, బోర్డు మీద నా రైలు నంబర్ ఎందుకు రావట్లేదా అని పది నిమిషాలు చూశాను. తప్పు టికెట్‌ది కాదు, దాని మీద ఊరి పేరు చూసి పక్కనున్న మూడక్షరాలు వదిలేసిన నాది.

## 5. గాలిని లెక్కలోకి తీసుకోండి

రోన్ నది లోయ వెంబడి ఉత్తరం నుంచి దూసుకొచ్చే చల్లగాలి పేరు మిస్త్రాల్. శీతాకాలంలో, వసంతంలో జోరు ఎక్కువ. నీస్‌కు అంతగా తగలదు, అవిన్యోన్‌కు నేరుగా తగులుతుంది.

మిస్త్రాల్ వీచే రోజు ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంటుంది. ఫోన్‌లో సూర్యుడి బొమ్మ, 17 డిగ్రీలు. అది చూసి కాటన్ చొక్కా వేసుకుని బయటికొస్తారు. వీధి మలుపు తిరిగేసరికి గాలి మెడ దగ్గర దూరి వీపు దాకా వెళ్తుంది. కాఫీ హోటళ్ల బయట గొడుగులన్నీ ముడిచి ఉంటే అర్థం చేసుకోండి.

వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రతతో ఆగకండి. మెతెయో-ఫ్రాన్స్ యాప్‌లో "రఫాల్" అన్న చోట ఈదురుగాలి వేగం ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్లు దాటితే టోపీ నిలవదు. 80 దాటితే గుట్ట మీది రోషే దె దోమ్ తోట, నది మీది పాత వంతెన రెండూ ఆ రోజుకు మానేయండి. ఒకప్పుడు క్యాథలిక్ మతాధిపతులు పోపులు ఉన్న కోట, పోపుల ప్యాలెస్‌లోకి వెళ్లండి, రాతిగోడల మధ్య రెండు గంటలు హాయిగా గడిచిపోతాయి.

పెట్టెలో ఉండాల్సినవి:

- గాలి చొరబడని పల్చటి జాకెట్. ఊలు స్వెటర్ ఒక్కటే గాలికి ఆగదు.
- చెవులు కప్పే టోపీ. అమ్మ మంకీ క్యాప్ పెడితే నవ్వకండి, రెండో రోజుకు మీరే అడిగి తీసుకుంటారు.
- బాగా నడిచి అలవాటైన బూట్లు. రాళ్లు పరిచిన వీధుల్లో కొత్తవి కరుస్తాయి.
- ప్లగ్ అడాప్టర్. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ అక్కడ పడుతుంది, మన లాప్‌టాప్ మూడు పిన్నులది పట్టదు.

## 6. ఏ రోజు ఎక్కడ: సంతలూ సెలవులూ చూసి

ఇక్కడి ఊళ్లను వారాన్ని బట్టి చూడాలి. సంత జరిగే రోజు ఊరు ఒకలా, మర్నాడు మరోలా ఉంటుంది.

గురువారం: చేరడం. స్టేషన్ నుంచి నిటారుగా వెళ్లే ర్యూ ద లా రిపబ్లిక్ వీధిలో ఓర్లోజ్ చౌరస్తా దాకా నడిచి, తిని పడుకోండి. ఇంకేం పెట్టుకోకండి.

శుక్రవారం, అవిన్యోన్: పొద్దున లే-ఆల్ మార్కెట్, మధ్యాహ్నం ఒకటిన్నరకు కట్టేస్తారు, సోమవారం సెలవు. తర్వాత పోపుల ప్యాలెస్. వంతెనతో కలిపిన టికెట్ తీసుకోండి. వంతెన సగంలోనే ఆగిపోతుంది, 22 కమానుల్లో 4 మిగిలాయి. దాని ఫోటో మాత్రం అవతలి లంక నుంచే బాగా వస్తుంది. నది దాటించే చిన్న పడవ ఉచితం, గాలి పెరిగినా నీళ్లు పెరిగినా ఆపేస్తారు.

శనివారం, ఆర్ల్: బులెవార్ దె లీస్ వెంట పెద్ద సంత. తొమ్మిదికల్లా ఉండాలి, పన్నెండున్నరకు సర్దడం మొదలుపెడతారు. ఆలివ్‌లు, జున్ను, కుప్పలుగా పోసిన మసాలాలు. మన మోండా మార్కెట్ పొద్దుటి పూట గుర్తొస్తుంది, అరుపులే తక్కువ. తర్వాత రోమన్ అరేనా, సాన్ ట్రోఫీమ్ చర్చి ఆవరణ. ఓపికుంటే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గేరీ రూపకల్పన చేసిన లూమా కళాకేంద్రం టవర్.

ఆదివారం, లిల్-సుర్-లా-సోర్గ్: కాలువల మీద నాచుపట్టిన నీటి చక్రాలు తిరుగుతుంటాయి, పక్కనే సంత, పాతసామాన్ల దుకాణాలు. రైలు యాప్‌లో స్టేషన్ పేరు "లిల్-ఫోన్‌తెన్-ద-వోక్లూజ్" అని ఉంటుంది, కంగారుపడకండి. ఆదివారం రైళ్లు తక్కువ. దిగగానే తిరుగు రైలు వేళ ఫోటో తీసుకోండి.

సోమవారం, నీమ్ లేదా పోన్ దు గార్: నీమ్‌లో అరేనా, మేజోన్ కార్రే అనే రోమన్ గుడి, ఫోన్‌తెన్ తోట అన్నీ నడకలోనే. పోన్ దు గార్ మూడంతస్తుల రోమన్ కాలువ వంతెన, ఎత్తు 49 మీటర్లు. చూసి తీరాల్సిందే కానీ బస్సులు అరుదు. వెళ్లే బస్సు కన్నా ముందు తిరిగొచ్చే బస్సు వేళ రాసుకోండి. ఒకే రోజు రెండూ కుదురుతాయని కొందరంటారు. కుదురుతాయి, భోజనం మానేస్తే.

సముద్రం చూడకుండా రాలేమంటే సోమవారం మార్సేయ్ వెళ్లండి. అక్కడి ముసెమ్ మ్యూజియానికి మంగళవారం సెలవు, సోమవారం ఉంటుంది. స్టేషన్‌లో, పాత రేవు దగ్గర జేబులు జాగ్రత్త.

ఈ ఊళ్లకు తిరిగే టీఈఆర్ లోకల్ రైళ్లకు సీటు రిజర్వేషన్ ఉండదు. ముందే కొన్నా లాభం లేదు, గాలి చూసుకుని ఆ పూటే కొనండి. సమ్మె మాట వినిపిస్తే ముందురోజు సాయంత్రం ఐదు దాటాక యాప్ చూడండి, ఏ రైళ్లు నడుస్తాయో అప్పటికి తేలిపోతుంది.

## 7. తిండి, ముఖ్యంగా శాకాహారులకు

భోజనం వేళ పన్నెండు నుంచి రెండు. రెండున్నరకు వెళ్తే వంటగది కట్టేశారంటారు. రాత్రి ఏడున్నర లోపు వడ్డించరు. ఆదివారం సాయంత్రం, సోమవారం చాలా హోటళ్లకు సెలవు, శనివారమే పళ్లు, రొట్టె కొని పెట్టుకోండి.

లోపలికి అడుగుపెట్టగానే "బోన్‌జూర్" అనండి. అది లేకుండా నేరుగా ప్రశ్న అడిగితే మొహం ముడుచుకుంటారు. నీళ్లకు "ఉన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు ఉచితంగా కూజాలో పెడతారు.

"వెజిటేరియన్" అంటే చేప తింటారనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. "సాన్ వియాండ్, సాన్ పువాసోన్" అనండి: మాంసం వద్దు, చేప వద్దు. దొంగ దెబ్బ తీసేవి ఇవీ:

- తాపెనాద్: ఆలివ్ పచ్చడే, కానీ లోపల ఆన్‌శ్వా చేప రుబ్బుతారు.
- పిస్సలాదియేర్: ఉల్లిపాయ పిజ్జాలా ఉంటుంది, పైన అదే చేప.
- సలాడ్లు: "లార్డోన్" అని ఉంటే పంది మాంసం ముక్కలు.

నిశ్చింతగా తినదగినవీ ఉన్నాయి. రాతతూయ్ మన వంకాయ, టమాటా కూర లాంటిదే, కారం మాత్రం ఉండదు. మార్సేయ్ వెళ్తే పనీస్ తినండి: శనగపిండి ఉడికించి, ఆరబెట్టి, ముక్కలు కోసి వేయించేది. నీస్‌లో సొక్కా, అంటే శనగపిండి అట్టు. మా అత్తయ్య ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని "ఉల్లిపాయా పచ్చిమిర్చీ వెయ్యడం మర్చిపోయారు" అంది.

ఇంటి నుంచి కందిపొడి, ఊరగాయ తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పూతరేకులు పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం ఐరోపా యూనియన్‌లో నిషేధం. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా ఆపేస్తారు.

## 8. మంగళవారం, బయల్దేరే పూట

- రైలు ఏ స్టేషన్ నుంచో రాత్రే మళ్లీ చూసుకోండి. ఇంకోసారి చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి.
- ఒకే దుకాణంలో వంద యూరోలకు పైగా కొని, పన్ను వాపసు కాగితం తీసుకుని ఉంటే, విమానాశ్రయంలో సామాను అప్పగించక ముందే మెషీన్ దగ్గర స్కాన్ చేయించండి. తర్వాత గుర్తొస్తే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.
- తేనె, తాపెనాద్ సీసాలు ద్రవాల కింద లెక్క. వంద మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో తీసేస్తారు. చీరల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి.
- మార్సేయ్ సబ్బు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు దిమ్మ మీద 72 శాతం నూనె అన్న ముద్ర ఉందో లేదో చూడండి. రంగురంగుల వాసన సబ్బులు చవక, కానీ అసలైనది ఆకుపచ్చగానో, మీగడ రంగులోనో ఉండి పెద్దగా వాసన రాదు.